బ్లాక్ టికెట్లు లైవ్ షోల డిమాండ్‌ను ఏం చేస్తాయి: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో పెద్ద కచేరీ గానీ ఐపీఎల్ మ్యాచ్ గానీ ప్రకటించగానే మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. "ఎవరి దగ్గరైనా టికెట్ ఉందా?" అని కొందరు, "రెండు ఉన్నాయి, రేటు పర్సనల్‌గా చెప్తా" అని కొందరు. ఆ తర్వాత జరిగే వాదనల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. బ్లాక్‌లో కొన్నవాళ్ల జేబు ఖాళీ అవుతుందన్నది అందరికీ కనిపించేదే. రేపటి షోకి జనం వస్తారా రారా అన్నదాన్ని కూడా అది మార్చేస్తుంది. ఈ సంగతి మనం పెద్దగా మాట్లాడుకోం కాబట్టి దాని మీదే ఎక్కువ రాశాను.

వెళ్లలేక ఫ్రెండ్‌కి టికెట్ అమ్మినా అది బ్లాకేనా?

కాదు. జ్వరం వచ్చో, ఆఫీసులో రిలీజ్ పడో వెళ్లలేకపోతే కొన్న ధరకే ఇంకొకరికి ఇచ్చేయడంలో తప్పేమీ లేదు. చూసే ఉద్దేశం లేకుండా, లాభానికి అమ్మడం కోసమే టికెట్లు పోగేస్తే అది బ్లాక్. ఒకప్పుడు థియేటర్ గేటు దగ్గర పక్కకు పిలిచి రేటు చెప్పేవాళ్లు. ఇప్పుడు అదే పని ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్‌లో, రీసేల్ వెబ్‌సైట్లలో జరుగుతోంది. నాలుగు కొని రెండు తాము వాడుకుని, మిగతా రెండూ రెట్టింపుకు అమ్మి "మాకు షో ఫ్రీగా పడింది" అని చెప్పుకునేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ముఠాలు చేసే పనిని వీళ్లు చిన్న మోతాదులో చేస్తున్నారు, అంతే తేడా.

టికెట్లు నిమిషాల్లో అయిపోయాయంటే అంతమంది నిజంగా చూడాలనుకున్నట్టే కదా?

అలా అనిపిస్తుంది గానీ, ఆ వేగాన్ని చూసి డిమాండ్‌ను లెక్కగట్టలేం. 2024 సెప్టెంబర్ 22న బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే ముంబై షోల టికెట్లు బుక్‌మైషోలో పెట్టినప్పుడు కోటి మందికి పైగా క్యూలో చేరారని వార్తలొచ్చాయి. ఆ కోటిలో ఎవరెవరున్నారో విడదీసి చూడండి. ఒకే మనిషి ఫోన్‌లో ఒకసారి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి, భార్య ఫోన్‌లో ఇంకోసారి లాగిన్ అవుతాడు. నలుగురు స్నేహితులు వెళ్లాలనుకుంటే నలుగురూ విడివిడిగా క్యూలో నిలబడతారు, ఎవరికి దొరికితే వాళ్లు అందరికీ తీసుకుంటారు. అంటే నాలుగు సీట్ల కోరిక పదహారు సీట్ల కోరికగా కనిపిస్తుంది. వీళ్ల మధ్యలో అమ్ముకోవడానికే వచ్చినవాళ్లుంటారు. వాళ్లకు ఆ బ్యాండ్ పాట ఒక్కటి కూడా తెలియక్కర్లేదు.

ఇంకో రకం కూడా ఉంది. వెళ్లాలా వద్దా అని ఇంకా తేల్చుకోనివాళ్లు. "ఇప్పుడు తీసుకోకపోతే తర్వాత బ్లాక్‌లో కొనాల్సి వస్తుంది" అన్న టెన్షన్‌తో ముందే కొనేస్తారు. బ్లాక్ లేకపోతే వీళ్లలో చాలామంది ఒక వారం ఆగి, ఇంట్లో మాట్లాడుకుని, నిదానంగా కొనేవాళ్లే. కాబట్టి బ్లాక్ అన్నది ఉన్న డిమాండ్‌ను పిండుకోవడంతో ఆగదు. భయం పుట్టించి, లేని తొందరను కూడా తయారు చేస్తుంది. ఆ తొందర వల్ల టికెట్లు ఇంకా వేగంగా అయిపోతాయి, అది వార్త అవుతుంది, తర్వాతి షోకి ఇంకా ఎక్కువమంది అమ్మకందార్లు దిగుతారు.

దీని దెబ్బ నిర్వాహకుల మీద కూడా పడుతుంది. నిమిషాల్లో అయిపోయిందన్న ధైర్యంతో మరుసటి ఏడాది ఇంకా పెద్ద గ్రౌండ్ తీసుకుని, ధర పెంచి ప్రకటిస్తారు. పోయినసారి కొన్నవాటిలో ఎన్ని టికెట్లు ప్రేక్షకులవి, ఎన్ని వ్యాపారులవి అన్న లెక్క వాళ్ల దగ్గర ఉండదు. ఈసారి లాభం రాదని వ్యాపారులు పక్కకు తప్పుకుంటే సగం గ్రౌండ్ మిగిలిపోతుంది.

మొదటే ధర పెంచేస్తే బ్లాక్‌కి చోటెక్కడ?

ఎకనామిక్స్ చదివినవాళ్లు ముందు అడిగేది ఇదే. వాదనలో బలం ఉంది. సంక్రాంతికి ఇక్కడి నుంచి విజయవాడకో రాజమండ్రికో ప్రైవేటు బస్సు రేటు చూస్తూనే ఉన్నాం. మామూలు రోజుల రేటుకు రెండింతలు, మూడింతలు వాళ్లే పెట్టేస్తారు. ఆ సీటును మళ్లీ బ్లాక్‌లో అమ్మడానికి ఎవరికీ లాభం మిగలదు, ఉన్నదంతా బస్సు యజమానికే పోతుంది. కచేరీలకూ ఇలా చేయొచ్చు, చేస్తున్నారు కూడా. 2024లో బ్రిటన్‌లో ఒయాసిస్ అనే రాక్ బ్యాండ్ టికెట్ల అమ్మకంలో 148 పౌండ్లుగా చెప్పిన స్టాండింగ్ టికెట్ క్యూ ముందుకు కదిలేసరికి 355 పౌండ్లు అయింది. అభిమానులు మండిపడ్డారు.

అయితే బస్సుకీ కచేరీకీ ఒక పెద్ద తేడా ఉంది. బస్సులో పక్క సీట్లో ఎవరు కూర్చున్నా మన ప్రయాణం మారదు. కచేరీలో పక్కవాళ్లే సగం అనుభవం. స్టేజీ ముందు నిలబడి ప్రతి లైనూ కలిసి పాడే కాలేజీ పిల్లలు లేకపోతే, ఎక్కువ డబ్బిచ్చి వెనక కూర్చున్నవాళ్లకు కూడా షో చప్పగా ఉంటుంది. ఇది కళాకారులకు బాగా తెలుసు. అందుకే మార్కెట్ భరించగలిగిన దానికంటే తక్కువ ధర పెట్టడానికి ఒప్పుకుంటారు. హాలు నిండితే లోపల తిండి, టీషర్టుల అమ్మకం బాగుంటుంది, డబ్బులు గుంజారన్న చెడ్డపేరు రాదు, ఇవాళ తక్కువలో చూసిన కుర్రాడు పదేళ్ల తర్వాత కుటుంబంతో వస్తాడు.

అంటే మార్కెట్ ఇవ్వగల ధరకూ టికెట్ మీద ఉన్న ధరకూ మధ్య తేడాను కళాకారుడు అభిమాని కోసం వదిలేశాడు. బ్లాక్‌లో అమ్మేవాళ్లు ఎత్తుకెళ్లేది సరిగ్గా ఆ మొత్తాన్నే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒకరు ఇంకొకరికి ఇష్టంగా ఇచ్చినదాన్ని, ఏ సంబంధమూ లేని మూడోవ్యక్తి మధ్యలో తీసుకుపోతున్నాడు.

టికెట్లన్నీ అమ్ముడైపోయాయి కదా, నిర్వాహకులకు నష్టమేముంది?

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి ఉదాహరణ అంకెలు. ఒకతను 2,500 రూపాయల టికెట్లు 20 కొన్నాడు. పెట్టుబడి 50,000. ఒక్కొక్కటి 7,500కి అమ్మకానికి పెట్టాడు. 8 మాత్రమే అమ్ముడుపోయాయి. 60,000 వచ్చింది. 12 టికెట్లు చేతిలో మిగిలిపోయినా అతనికి 10,000 లాభమే. ఆ 12 సీట్లు మాత్రం ఖాళీ. 2,500కి సంతోషంగా వచ్చేవాళ్లు పన్నెండు మంది ఆ రాత్రి ఇంట్లో కూర్చున్నారు.

"హౌస్‌ఫుల్" అన్న షోలో అక్కడక్కడా ఖాళీలు కనిపించడానికి ఇదొక కారణం. రాని మనిషి బిర్యానీ కొనడు, పార్కింగ్‌కు కట్టడు, స్పాన్సర్ బోర్డు చూడడు. మూడింతలు పెట్టి వచ్చిన మనిషి కూడా లోపల ఖర్చు పెట్టడానికి వెనకాడతాడు.

బ్లాక్‌లో పెట్టే అదనపు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

నా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది.

వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే ఒక జంట ఏడాదికి లైవ్ షోల కోసం 12,000 పక్కన పెట్టుకున్నారనుకుందాం. పెద్ద కచేరీకి అసలు ధరకు రెండు టికెట్లు దొరికితే 6,000 అవుతుంది. ఇంకో 6,000 మిగులుతుంది. దాంతో జేపీ నగర్ రంగశంకరలో నాటకాలు చూడొచ్చు, మల్లేశ్వరం వైపు చౌడయ్య మెమోరియల్ హాల్‌లో ఒక శాస్త్రీయ కచేరీకి వెళ్లొచ్చు, వయ్యాలికావల్ శ్రీకృష్ణదేవరాయ కళామందిరంలో మన తెలుగు కార్యక్రమానికి నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లొచ్చు. అవే రెండు టికెట్లు బ్లాక్‌లో 12,000 అయితే ఆ ఏడాదికి అక్కడితో సరి.

అదనంగా పోయిన 6,000లో గాయకుడికి రూపాయి రాదు. సౌండ్ చూసుకునే కుర్రాడికి, లైటింగ్ వాళ్లకు, స్టేజీ కట్టిన కూలీలకు రాదు. ఆ డబ్బు ఈ రంగంలోంచే బయటికి వెళ్లిపోయింది. పెద్ద షోకి డిమాండ్ ఏమీ తగ్గినట్టు కనిపించదు, అది నిండిపోయింది కదా. తగ్గేది నాటకానికి, కొత్త బ్యాండ్‌కు, వీణ కచేరీకి. వాళ్ల హాల్లో జనం ఎందుకు పలచబడ్డారో వాళ్లకు కూడా తెలియదు. "బెంగళూరులో నాటకాలు చూసేవాళ్లు లేరు" అని ఎవరో తీర్మానించేస్తారు. చూసేవాళ్లున్నారు. వాళ్ల ఏడాది బడ్జెట్‌ను ఒక రాత్రి మింగేసింది.

దీనికి తోడు విసుగు. రెండు మూడుసార్లు క్యూలో కూర్చుని దొరకనివాళ్లు తర్వాతి షోకి ప్రయత్నించడమే మానేస్తారు. వీళ్లు ఫిర్యాదు చేయరు, ఏ లెక్కలోకీ ఎక్కరు. 2023 సెప్టెంబర్ 10న చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరీకి టికెట్ చేతిలో ఉన్నవాళ్లు కూడా చాలామంది లోపలికి వెళ్లలేకపోయారు. అది బ్లాక్ గొడవ కాదు, నిర్వహణ లోపం. కానీ దాని గురించి విన్నవాళ్లు మరుసటి షోకి టికెట్ కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. బ్లాక్ కూడా ఆ నమ్మకాన్నే కొద్దికొద్దిగా తినేస్తుంది.

అయితే రీసేల్‌ను పూర్తిగా ఆపేస్తే సరిపోతుందా?

సరిపోదు. అలా చేస్తే డిమాండ్ ఇంకా తగ్గొచ్చు. మూడు నెలల ముందు టికెట్ కొనడం అంటే రిస్క్. ఊళ్లో పెళ్లి పడొచ్చు, బదిలీ కావొచ్చు, పిల్లలకు పరీక్షలు రావొచ్చు. తిరిగి అమ్ముకునే దారి ఉందని తెలిస్తేనే చాలామంది ముందు కొనడానికి ధైర్యం చేస్తారు. కొన్న ధరకో, కాస్త అటూఇటూగానో, అమ్మిన యాప్‌లోనే తిరిగి ఇచ్చేసే ఏర్పాటు ఉండాలి. పాత కోడ్ రద్దయి కొన్నవాళ్లకు కొత్తది రావాలి. 2024లో జొమాటో తన టికెట్లకు ఇలాంటి అమ్మకం సౌకర్యం ప్రకటించింది, ధర మీద పరిమితి కూడా పెట్టింది. పరిమితి ఎంత ఉండాలన్నది చర్చించాల్సిన విషయం. నన్నడిగితే అసలు ధర, దాని మీద సర్వీసు చార్జీ, అంతకు మించి వద్దు.

అదనపు షో వేస్తే బ్లాక్ రేటు పడిపోతుందా?

పడుతుంది. అమ్మేవాళ్లు అన్నిటికంటే భయపడేది దీనికే. బెంగళూరులో బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ షో ముందు 2025 ఫిబ్రవరి 8న ఒకటే అన్నారు, తర్వాత 9న రెండోది కలిపారు. కోల్డ్‌ప్లే కూడా ముంబైలో మూడో రోజు చేర్చి, ఆ తర్వాత అహ్మదాబాద్ షోలు ప్రకటించింది. కాబట్టి మొదటి రోజు టికెట్ దొరకలేదని వెంటనే బ్లాక్‌కు పరుగెత్తకండి. కొన్ని వారాలు ఆగితే ఇంకో తేదీ రావడం కొత్తేమీ కాదు.

ఎడ్ షీరన్ గురించి ఇంకో మాట. 2018 బ్రిటన్ టూర్‌లో రీసేల్ సైట్లో పెట్టిన పది వేలకు పైగా టికెట్లను ఆయన బృందం రద్దు చేయించింది. ఇక్కడి పెద్ద నిర్వాహకుల్లో ఒక్కరైనా అంత పని చేస్తే బ్లాక్ వ్యాపారం ధైర్యం సగం పోతుంది.

షో మొదలయ్యే గంటలో గేటు దగ్గర చవగ్గా దొరుకుతుందంటారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజమే. షో మొదలయ్యాక ఆ టికెట్‌కు విలువ లేదు కాబట్టి అమ్మేవాడు చివర్లో దిగొస్తాడు. కానీ ఇప్పుడు టికెట్ అంటే క్యూఆర్ కోడ్. ఒకే స్క్రీన్‌షాట్‌ను పదిమందికి అమ్మొచ్చు, ముందు స్కాన్ అయినవాళ్లే లోపలికి వెళ్తారు. మాదావర నైస్ గ్రౌండ్స్ దాకా వెళ్లి గేటు దగ్గర ఆగిపోతే ఆ రాత్రి తిరుగు ప్రయాణం కూడా కష్టమే.

టికెట్ లేకుండా గేట్ల దగ్గర గుమిగూడటం ప్రమాదం కూడా. 2025 జూన్ 4న ఆర్‌సీబీ విజయోత్సవం రోజు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. అక్కడ బ్లాక్ సంగతి లేదు. ఎవరికి ప్రవేశం ఉందో, ఎవరికి లేదో స్పష్టత లేకుండా జనం గేట్ల మీదికి చేరితే ఏమవుతుందో ఆరోజు ఈ నగరం చూసింది. చేతిలో సరైన టికెట్ లేకపోతే వెళ్లొద్దు. పిల్లల్ని తీసుకుని అసలే వెళ్లొద్దు.

చట్టం ఏమంటోంది?

కచేరీ టికెట్ల రీసేల్ ధర ఇంతే ఉండాలని దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. అయితే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 112 ఉంది. ముఠాగా చేసే చిన్నస్థాయి వ్యవస్థీకృత నేరాల జాబితాలో అనుమతి లేకుండా టికెట్లు అమ్మడాన్ని కూడా అందులో చేర్చారు. శిక్ష ఏడాది నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. ఒక్కడే ఒక టికెట్ అమ్మితే ఈ సెక్షన్ పెట్టడం కష్టం, ముఠా అని చూపించాలి. నకిలీ టికెట్ అంటగడితే అది మోసం కేసు.

2024 అక్టోబర్‌లో కోల్డ్‌ప్లే, దిల్జీత్ దోసాంజ్ షోల టికెట్ల వ్యవహారంలో ఈడీ సోదాలు చేసిన నగరాల్లో బెంగళూరు కూడా ఉంది. కొత్త నియమాలు కావాలంటూ వేసిన పిటిషన్‌ను బాంబే హైకోర్టు 2025 జనవరిలో కొట్టేసింది, అది చట్టసభలు చూడాల్సిన పని అంది. చట్టసభలు చూడాలి మరి.

వేరే దేశాల్లో ఏం చేశారు?

జపాన్‌లో 2019 జూన్ నుంచి అసలు ధర కంటే ఎక్కువకు వ్యాపారంగా తిరిగి అమ్మడం నేరం. ఐర్లాండ్ 2021లో ఇలాంటి చట్టమే చేసింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ప్రకటించిన పెద్ద ఈవెంట్లకు అసలు ధర మీద 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. అమెరికా 2016లో బాట్లను, అంటే మనుషుల కంటే వేగంగా టికెట్లు లాగేసే ప్రోగ్రాములను నిషేధించింది. కానీ 2022 నవంబర్‌లో టేలర్ స్విఫ్ట్ టికెట్ల అమ్మకం అప్పుడు సైటు కుప్పకూలింది, బాట్ల దాడి కూడా కారణమన్నారు. నిషేధం రాసుకుంటే చాలదు, అమలు చేసేవాళ్లు ఉండాలి. బ్రిటన్ కూడా అసలు ధరకు మించి అమ్మకాన్ని ఆపుతామని 2025 నవంబర్‌లో ప్రకటించింది.

ఐపీఎల్ టికెట్ల సంగతి వేరా?

కొంత వేరు. స్టేడియంలో ఉన్న సీట్లన్నీ మామూలు జనానికి అమ్మకానికి రావు. క్లబ్ సభ్యులకు, స్పాన్సర్లకు, పాస్‌ల రూపంలో కొన్ని పోతాయి. బ్లాక్‌లోకి వచ్చేవాటిలో అలాంటి పాస్‌లు కూడా ఉంటాయి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. 1,000 రూపాయల టికెట్‌కు పన్నుతో కలిపి 1,400. బ్లాక్‌లో అమ్మేవాడు వేసుకునే లాభం మీద మాత్రం ఎవరూ ఏ పన్నూ కట్టడం లేదు. ఎన్ని సీట్లు అమ్మకానికి పెడుతున్నారో ప్రతి మ్యాచ్‌కూ ముందే ప్రకటిస్తే సగం అనుమానాలు తీరుతాయి.

తెలుగు సినిమా మొదటి రోజు షోలకూ ఇదే వర్తిస్తుందా?

అంతగా కాదు. సినిమా రేపు కూడా ఆడుతుంది, పక్క థియేటర్లోనూ ఆడుతుంది. మొదటి రెండు రోజులు దాటితే బ్లాక్‌కు పని లేదు. లైవ్ షో ఒక్క రాత్రి మాత్రమే, అందుకే అక్కడ దెబ్బ గట్టిగా తగులుతుంది.

డబ్బు పంపాక అమ్మినవాడు నా నంబర్‌ను బ్లాక్ చేశాడు. ఏం చేయాలి?

వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. యూపీఐ లావాదేవీ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు, అవతలి వ్యక్తి ప్రొఫైల్ దాచి ఉంచండి. "బ్లాక్‌లో కొన్నానని తెలిస్తే పరువు పోతుంది" అని చాలామంది ఊరుకుంటారు, మోసం చేసినవాళ్లకు కావాల్సింది కూడా అదే. టికెట్ అమ్మిన అధికారిక యాప్‌తోనే గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మేమే ఒక తెలుగు సంగీత కార్యక్రమం పెడుతున్నాం. బ్లాక్ రాకుండా ఏం చేయాలి?

మన కార్యక్రమాల్లో బ్లాక్ కంటే పాస్‌లతో వచ్చే ఇబ్బంది ఎక్కువ. కమిటీ వాళ్లు తలా ఇరవై పాస్‌లు పంచుతారు, సగం మంది రారు, బయట కొనడానికి వచ్చినవాళ్లను "ఫుల్" అని పంపేస్తారు. అందుకని పాస్‌లకు కూడా పేరు రాయండి, షో మొదలయ్యే పావుగంట ముందు దాకా రాకపోతే ఆ సీటు బయట నిలబడ్డవాళ్లకు అమ్ముతామని పాస్ మీదే అచ్చేయండి. టికెట్లన్నీ ఒకేరోజు పెట్టకుండా మూడు విడతలుగా విడుదల చేయండి, మొదటి రోజు దొరకనివాళ్లకు ఆశ ఉంటుంది, పోగేసేవాళ్లకు ధైర్యం తగ్గుతుంది. ఒక్కొక్కరికి నాలుగుకు మించి ఇవ్వొద్దు. వెయిటింగ్ లిస్ట్ పెట్టి, రాలేనివాళ్ల టికెట్ మీరే అదే ధరకు వెనక్కి తీసుకుని లిస్టులో ముందున్నవాళ్లకు ఇవ్వండి. క్యూఆర్ కోడ్‌ను షో రోజు ఉదయం పంపితే స్క్రీన్‌షాట్ల వ్యాపారం చాలావరకు ఆగుతుంది, పెద్దవాళ్లకు మాత్రం ఒకరోజు ముందే ఫోన్ చేసి ఎలా చూపించాలో చెప్పండి. షో అయ్యాక ఎన్ని అమ్ముడయ్యాయో, ఎంతమంది నిజంగా వచ్చారో రెండూ రాసిపెట్టుకోండి. మరుసటి ఏడాది ఎంత హాలు తీసుకోవాలో రెండో అంకెను చూసి నిర్ణయించండి.